వంతెనపై దాటరాదు

నేను రాసినవాటిలో నలుగురి కళ్లబడింది ఒక్కటే. అందులో ఉన్నవి రెండే మాటలు. అది కాగితం మీద కాదు, రేకు మీద వచ్చింది. తెల్లరంగు మీద ఎర్ర అక్షరాలతో, ఒక వాగు ఒడ్డున రెండు ఇనుప కాళ్ల మీద నిలబడి, కొన్ని నెలలు ఎండకు ఎండి వానకు తడిసింది. దాన్ని శ్రద్ధగా చదివి, చెప్పింది చెప్పినట్టు చేసిన పాఠకుడు కూడా ఒక్కడే. ఆయన కూడా చదవకపోయి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను.

ఉద్యోగ జ్ఞాపకాలు రాయాలంటే తల నెరవాలంటారు. నాది కాంట్రాక్టు కొలువు. నాలుగేళ్లకే ముగిసింది. ముప్పై నిండకుండానే విశ్రాంత ఉద్యోగినినయ్యాను కాబట్టి ఆ అర్హత నాకు కొంచెం ముందే వచ్చిందనుకోండి. మీలో ఎవరైనా రేపో మాపో ఒక ఆఫీసులో చేరి, జనం కోసం నాలుగు మాటలు రాయాల్సి వస్తే, నా రెండు మాటల సంగతి తెలిసి ఉండటం మంచిది.

మా ఆఫీసు భద్రాచలం వెళ్లే దారిలో, అడవి మొదలయ్యే చోట ఉన్న చిన్న ఊళ్లో ఉండేది. బండ్లకు నంబర్లు, మనుషులకు లైసెన్సులు ఇచ్చే ఆఫీసు. ముందర పొడుగాటి పేరున్న బోర్డు ఉన్నా జనం దాన్ని బ్రేకు ఆఫీసు అనేవాళ్లు. మా అధికారి బ్రేకు ఇన్‌స్పెక్టరు. రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్లు అవి. సెల్‌ఫోను సిగ్నలు మా ఆఫీసు మూడో మెట్టు మీద మాత్రమే దొరికేది. దాని మీద ఎప్పుడూ ఎవరో ఒకరు నిలబడి అరుస్తూ ఉండేవారు.

నేను మధిర నుంచి వచ్చాను. రైళ్లు చూస్తూ పెరిగినదాన్ని. బండి నడపడం మాత్రం రాదు. సైకిల్ ఒక్కసారి ఎక్కి, మిరపకాయలు ఆరబోసిన పట్టా మీద పడ్డాను. ఆఫీసు ముందు రోడ్డు దాటాలంటే మా అటెండరు అక్క చెయ్యి పట్టుకునేదాన్ని. అలాంటి నన్ను లెర్నింగ్ లైసెన్సు కోసం వచ్చినవాళ్లకు ప్రశ్నలు చదివి వినిపించే పనిలో కూర్చోబెట్టారు. మలుపులో ఏం చెయ్యాలి, హారన్ ఎక్కడ కొట్టకూడదు, అంబులెన్సు వెనకనుంచి వస్తే ఎటు జరగాలి, అన్నీ నాకు కంఠతా వచ్చు. క్లచ్ ఏ కాలికి వస్తుందని ఎవరైనా నన్ను తిరిగి అడిగి ఉంటే మాత్రం కాగితం కిందికి దూరి చూసుకోవాల్సి వచ్చేది.

అక్క ఒకరోజు అందరి ముందూ అంది కూడా. "మా చెల్లె డ్రైవింగు మొత్తం నోటితోనే చేస్తది. పెట్రోలు ఖర్చు లేదు."

నాకో దొంగ అలవాటు ఉండేది. మోటారు వాహనాల నిబంధనల పుస్తకం చాలా పెద్దది. దాని మధ్యలో ఒక నవల సరిగ్గా పట్టేది. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా తెరిచి, ఆ పుస్తకం ముందు పెట్టుకుని చదువుకునేదాన్ని. సాయంత్రం గదికి వెళ్లి డైరీ రాసేదాన్ని. మనుషులతో మాట్లాడటానికి జంకే నేను డైరీలో మాత్రం పెద్ద పెద్ద మాటలు ఆడేదాన్ని. ఇన్‌స్పెక్టరు గారు నా భోజనాల చదువు చూసి ముచ్చటపడ్డారు. "ఈ అమ్మాయిని చూసి నేర్చుకోండ్రి. అన్నం తినేటప్పుడు గూడ రూల్సు వదలదు" అని కొత్తగా వచ్చిన గుమస్తాలకు చెప్పేవారు. ఆ మెప్పు నా కొంప ముంచింది.

మా ఊరికీ అడవి గూడేలకూ మధ్య ఒక వాగు, దాని మీద పాత వంతెన ఉండేవి. వంతెన ఇరుకు. పక్కగోడలు లేవు. పేపరు మిల్లుకు జామాయిల్ కర్ర మోసే లారీలు దాని మీద నత్తలా పోతుంటే వెనక వచ్చే జీపులకు ఓపిక ఉండేది కాదు. ఆ చలికాలం ఒక జీపు లారీని దాటబోయి ఒక చక్రం గాల్లోకి వదిలేసింది. మనుషులు రెండో పక్కకు, వంతెన మీదికి దూకి బతికారు. రోడ్డు భద్రతా వారోత్సవాలు దగ్గర్లోనే ఉన్నాయి. వంతెన దగ్గర బోర్డు పెట్టమని పైనుంచి కాగితం వచ్చింది. వంతెన మీద ఓవర్‌టేక్ చెయ్యకూడదని అందులో ఇంగ్లీషులో ఉంది. తెలుగులో ఏం రాయాలో నువ్వే చూడమని ఇన్‌స్పెక్టరు గారు నాకు అప్పజెప్పారు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదంటే నమ్మండి. బళ్లో వ్యాసానికి బహుమతి వచ్చిన తర్వాత నన్ను ఎవరూ ఏమీ రాయమనలేదు. డైరీలో పదకొండు రకాలుగా రాసుకుని, చివరికి చిక్కగా, చక్కగా, రెండే మాటలకు కుదించాను. వంతెనపై దాటరాదు.

బోర్డులు రాసే పెయింటరు మా ఆఫీసు ప్రహరీ పక్కనే వేపచెట్టు కింద కూర్చుని నంబరు ప్లేట్లు రాసేవాడు. అరవై దాటిన మనిషి. నేను ఆయన్ని బాబాయ్ అనేదాన్ని. ఆయన నన్ను బిడ్డా అనేవాడు. నా చీటీ చూసి, కుంచె చెవి వెనక పెట్టుకుని అడిగాడు.

"దాటుడంటే ఏం దాటుడు బిడ్డా? వంతెన దాటుడా, ముందలి బండిని దాటుడా?"

"వంతెనపై అన్నాం కదా బాబాయ్. వంతెనను అనలేదు. విభక్తి చూడండి."

"విభక్తి చూసి బ్రేకేస్తరా డ్రైవర్లు?" అన్నాడాయన. "ఓవర్‌టేక్ చెయ్యొద్దు అని రాద్దాం. మేకలు కాసేటోనికి గూడ సమజైతది."

"అది ఇంగ్లీషు బాబాయ్."

"బస్సేంది మరి? లారీ ఏంది? అవి నీ మధిరల పుట్టినయా?"

నేను అంతవరకూ ఎవరితోనూ దేనికీ పట్టుబట్టి ఎరగను. బస్సులో నా సీట్లో ఎవరైనా కూర్చుంటే నిలబడి ప్రయాణం చేసే రకం. ఆ రోజు మాత్రం తెలుగు పరువంతా నా ఒక్కదాని మీదే ఆధారపడినట్టు పట్టుబట్టాను. ఆయన తల ఊపి, మిగిలి ఉన్న ఎర్రరంగు డబ్బా తీశాడు. ఇన్‌స్పెక్టరు గారు ఫైళ్ల దొంతరలో నా చీటీ మీద కూడా ఒక సంతకం గీకారు. ఏ ఒడ్డు నుంచి వచ్చినవాళ్లకైనా కనపడేలా రేకుకు రెండు వైపులా అవే అక్షరాలతో బోర్డు లేచింది. నేను ఆదివారం పనిగట్టుకుని బస్సెక్కి వెళ్లి, కిటికీలోంచి దాన్ని చూసి, తర్వాతి ఊళ్లో దిగి తిరిగి వచ్చాను. డైరీలో ఆ పేజీకి అంచులు కూడా గీసుకున్నాను.

జీపులవాళ్లు ఎప్పటిలాగే లారీలను దాటుతూ పోయారు. నా బోర్డు చదివినవాడు ఒక్కడూ కనపడలేదు.

ఇక్కడ మీకు ఈ ప్రాంతం సంగతి ఒకటి చెప్పాలి. ఇది వాగుల దేశం. వానాకాలం గోదావరి ఎగదన్నితే వాగులు వెనక్కి పొంగుతాయి. అప్పుడు మండలాఫీసు వాళ్లు దారులకు అడ్డంగా తెల్ల రేకుల మీద ఎర్రరంగుతో బోర్డులు పెడతారు. వాగు పొంగుతున్నది, దాటరాదు. ఆ మాట లెక్కచెయ్యకుండా దిగి కొట్టుకుపోయినవాళ్ల కథలు ప్రతి గూడెంలో ఉంటాయి. ఎర్ర అక్షరాల 'దాటరాదు' అంటే ఇక్కడ పుట్టినవాళ్లకు ఒకటే అర్థం. ఎండాకాలమంతా నా బోర్డు ఏమీ చెప్పకుండా నిలబడింది. వానలు పడగానే అది వేరే మాట చెప్పడం మొదలుపెట్టింది. ఆ సంగతి నాకు తట్టలేదు. మధిరలో మాకు రైలు గేటు ఒక్కటే తెలుసు.

ఇప్పుడు ఆ పాఠకుడి గురించి చెబుతాను.

జూన్ మొదట్లో లెర్నింగ్ లైసెన్సు కోసం వాగవతలి గూడెం నుంచి ఒక కోయ మనిషి వచ్చాడు. ముప్పై ఏళ్లుంటాయి. తునికాకు కాంట్రాక్టరు సొంత జీపు మీద ఏళ్లతరబడి క్లీనరుగా పనిచేశాడు. లైసెన్సు తెచ్చుకుంటే డ్రైవరుగా పెట్టుకుంటానని ఆ సేటు మాటిచ్చాడట. చదువు రాదు కాబట్టి బొమ్మల చార్టు చూపించి అడిగాను.

పశువుల బొమ్మ చూపిస్తే "ఆవులు అడ్డమొస్తయ్, మెల్లగ పోవాలె" అన్నాడు. బూర మీద గీత ఉన్న బొమ్మకు "మోత చెయ్యొద్దు. దవాఖాన ఉంటది" అన్నాడు. రెండు కార్లు, ఒకటి ఎర్రది ఒకటి నల్లది, పక్కపక్కన ఉండే ఓవర్‌టేక్ నిషేధం బొమ్మ చూపించాను.

"ముందు బండి ఎనకనే పోవాలె" అన్నాడు.

టిక్కు పెట్టాను. పెన్నుతో టిక్కు పెట్టానే గాని, ఆ మాట చెవిన వేసుకోలేదు. వేసుకుని ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది.

చివర్లో నా సొంత తెలివి కొంత చేర్చాను. మనిషి మొహం చూడకుండా, కాగితానికేసి చూస్తూ అన్నాను. "బొమ్మ లేకుండా ఒట్టి రాతతో కూడా బోర్డులు ఉంటాయి. చదవడం నేర్చుకోండి. బోర్డు ఏం చెబితే అది చెయ్యాలి. దానితో వాదం పెట్టుకోకూడదు."

"అవ్ మేడం" అన్నాడు. "మా గూడెంల సాయంత్రం పూట పెద్దోళ్ల బడి నడుస్తంది. పోత."

ఆయన వెళ్లాడట. అదీ అసలు సంగతి. నా ప్రశ్నల బల్ల ముందు కూర్చున్న కొన్ని వందల మందిలో నా మాట పట్టుకుని నిజంగా బడికి వెళ్లినవాడు ఆయనొక్కడే అయి ఉంటాడు.

అక్టోబరులో అసలు డ్రైవింగు పరీక్షకు వచ్చాడు. సేటు జీపు తనే నడుపుకుని వచ్చాడు. పక్కన లైసెన్సున్న పాత డ్రైవరు కూర్చుని ఉన్నాడు. ముందూ వెనకా ఎర్ర 'ఎల్' అక్షరం అతికించి ఉంది. అంతా పద్ధతిగా ఉంది. నేను ఫారం నింపుతుంటే దాని మీద అక్షరాలు వేలితో చూపిస్తూ ఒక్కొక్కటీ కూడబలుక్కుని చదివాడు. నాకు పొంగిపోయినంత పనయ్యింది. అప్పుడడిగాడు.

"మేడం, ఆ వంతెన బాగు చేసిండ్రా?"

"ఏ వంతెన?"

"వాగు మీది పాత వంతెన. దాటరాదు అని బోర్డు పెట్టిండ్రు కద. రెండు నెలలాయె, చుట్టు తిరిగే వస్తున్న. ఇయ్యాల గూడ గట్లనే వచ్చిన. మా గూడెపోళ్లు నవ్వుతుండ్రు."

నా పెన్ను ఆగిపోయింది. ఆయన మామూలుగా, వాన సంగతి చెప్పినట్టు చెప్పుకుపోయాడు.

"ఆగస్టుల మా అక్కకు నొప్పులు మొదలైనయ్ మేడం. మధ్యాహ్నం. వాన. సేటు జరమొచ్చి పండుకున్నడు. పాత డ్రైవరు ఊరికి పోయిండు. బండి నువ్వే తీస్కపో అన్నడు సేటు. అక్కనూ బావనూ ఎక్కించుకుని వంతెన కాడికి వచ్చిన. అప్పుడే కొత్తగ సదువొచ్చింది కద, ఆగి బోర్డు చదివిన. నీళ్లు కిందనే ఉన్నయ్. మా బావ అన్నడు, నీళ్లు లెవ్వు కద, పోనియ్ అని. నేనన్న, పైకి గట్లనే ఉంటది, లోపల కోసుకపోయి ఉంటది, సర్కారోళ్లు ఉత్తగనే రాస్తరా అని."

"వేరే బండ్లేమీ పోలేదా?" అని అడిగాను.

"ఒక లారీ పోయింది. ఆని ధైర్యం ఆనిది. నేను ఒక తప్పు చేసుకుంటనే వచ్చిన మేడం. పక్కన లైసెన్సున్నోడు లేకుంట, ఎల్లు బోర్డు మీద మనుషుల్ని ఎక్కించుకున్న. రెండో తప్పు ఎట్ల చెయ్యాలె? బండి మలిపిన."

చుట్టుదారి అడవిలోంచి పోతుంది. పొడి రోజుల్లోనే గంటన్నర పడుతుంది. ఫారెస్టు చెక్‌పోస్టు దగ్గర జీపులోనే కాన్పయ్యిందట. చెక్‌పోస్టు కాపలాదారు భార్య వచ్చి బొడ్డు కోసింది. ఆడపిల్ల. పిల్ల బాగానే ఉంది గాని తల్లికి రక్తం ఆగలేదు.

"దవాఖానకు పొయ్యేసరికి మా అక్క మొఖం సున్నమేసిన గోడ లెక్క అయ్యింది" అన్నాడు. "పది దినాలు ఉంచుకున్నరు. బతికింది. ఇప్పుడు లేచి తిరుగుతంది. కని మునుపటి లెక్క లేదు."

ఫారంలో తండ్రి పేరు రాయాల్సిన చోట ఏదో రాశాను. తర్వాత చూసుకుంటే అది మా నాన్న పేరు.

చెప్పాల్సింది అప్పుడే. బోర్డు నాది, తప్పు నాది, వంతెనకు ఏమీ కాలేదు. ఏడు మాటలు చాలు. నా నోట ఒక్కటీ రాలేదు. ఈలోగా టీ గ్లాసులు తెస్తూ మా అటెండరు అక్క ఈ మాటల్లో సగమే విని, ఉన్న గొంతంతా వేసుకుంది. "ఎల్లు బోర్డు మీద మనుషుల్ని ఎక్కించుకున్నవా? మంచిగుంది. బ్రేకు ఆఫీసుకొచ్చి చెప్తున్నవ్ ఆ మాట."

లోపలి గదిలోంచి ఇన్‌స్పెక్టరు గారు బయటికి వచ్చారు. కఠినమైన మనిషని పేరు. బ్రేకు లైటు వెలగలేదని సొంత బావమరిది బండినే వెనక్కి పంపారని చెప్పుకునేవారు. ఆయన ఆ మనిషి చేత మొత్తం మళ్లీ చెప్పించుకున్నారు.

"ఎక్కించుకున్నది నిజమేనా?"

"నిజమే సార్."

"అట్లయితే నేనెట్ల సంతకం పెట్టాలె నీకు? నా ముంగటనే ఒప్పుకున్న తప్పు మీద?" అని, "ఏం బోర్డది? పెయింటరును పిలువుండ్రి" అన్నారు.

పెయింటరు చేతులు తుడుచుకుంటూ వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. సంగతి విన్నాడు. ఒక్కసారి నా వైపు చూశాడు. నేను ఫారం వైపు చూశాను.

"నా చేతి తప్పే సార్" అన్నాడు. "ఒక ముక్క తక్కువ రాసిన. ముసలోన్ని."

నేను నోరు విప్పలేదు. మీకు మంచి మాటలు చెప్పే చోట కూర్చున్నాను కాబట్టి ఇది దాచకూడదు. అరవై ఏళ్ల మనిషి, వద్దన్న మనిషి, నా మాటను తన నెత్తిన వేసుకుంటుంటే నేను ఫారంలో పుట్టుమచ్చల గడి నింపుతున్నాను.

ఇన్‌స్పెక్టరు గారు కుర్చీ మీది టోపీ తీసుకున్నారు. "రంగు డబ్బాలు తీస్కో. పోదాం పా. పరీక్ష గూడ ఆన్నే పెడత. మేడం, కాగితాలు పట్టుకుని మీరూ రండి."

పాత డ్రైవరును ఆఫీసులోనే ఉండమని, జీపులో ఇన్‌స్పెక్టరు గారు ముందు సీట్లో, ఆ మనిషి స్టీరింగు ముందు, నేనూ పెయింటరూ వెనక సీట్లో. దారంతా తెల్లరంగు, నల్లరంగు డబ్బాలు నా పాదాల మధ్య గలగలలాడాయి. పెయింటరు కిటికీలోంచి బయటికి చూస్తూ మెల్లగా అన్నాడు. "విభక్తి కుశలమేనా బిడ్డా?"

ఇంకెవరైనా అయితే తిట్టేవాళ్లు. ఆ ఎగతాళి తిట్టు కంటే లోతుకు దిగింది.

వంతెన దగ్గరికి రాగానే ఆ మనిషి బండి ఎడమ పక్కకు తీసి ఆపాడు. సిగ్నలు వేసి, అద్దం చూసి, చెయ్యి చాపి, ఎంత పద్ధతిగా ఆపాడంటే నా ప్రశ్నల కాగితం బండి నడిపినట్టుంది.

"పోనియ్" అన్నారు ఇన్‌స్పెక్టరు గారు.

"బోర్డు ఉంది కద సార్."

"నేను చెప్తున్న కద. వంతెనకేం కాలేదు. పోనియ్."

ఆ మనిషి స్టీరింగు మీంచి చేతులు తియ్యలేదు. "మీరు చెప్తరు సార్. చెప్పి పోతరు. బోర్డు ఈన్నే ఉంటది. రేపు నేను ఒక్కన్నే వస్త."

లైసెన్సు ఇచ్చే అధికారి పక్కన కూర్చుని పొమ్మంటే, ఆ లైసెన్సు మీదే తన బతుకు ఉన్న మనిషి, నేను రాసిన రెండు మాటల కోసం పోనని కూర్చున్నాడు. నా రాతను అంత నమ్మిన మనిషి అంతకు ముందు లేడు, ఆ తర్వాత పుట్టలేదు.

నేను దిగాను. ఎలా దిగానో గుర్తులేదు. చున్నీ తలుపు గొళ్లేనికి తగులుకుని చిరిగిందని మాత్రం ఆ రోజు డైరీలో ఉంది. బోర్డు దగ్గరికి వెళ్లి, దాని పక్కన నిలబడి, ఆయన వైపు తిరిగాను. మొదటిసారి ఆ మనిషి మొహం చూసి మాట్లాడాను.

"ఇది నేను రాశాను. బాబాయ్ కాదు. ముందు పోయే బండిని దాటొద్దని రాయాలనుకుని ఇలా రాశాను. తప్పు రాశాను. వంతెన బాగానే ఉంది. ఆగస్టులో కూడా బాగానే ఉంది."

చివరి ముక్క చెప్పడం అవసరమా అని తర్వాత చాలాసార్లు ఆలోచించాను. అవసరమే.

ఆయన బోర్డు వైపు చూశాడు. పెదవులు కదిలాయి. మళ్లీ చదువుకుంటున్నాడు. తర్వాత నన్ను అడిగాడు. గొంతులో కోపం లేదు, అడిగినట్టే అడిగాడు.

"మీకు సదువొస్తది కద మేడం?"

ఆ ప్రశ్న కూడా ఆ రోజు డైరీలో ఉంది.

ఇన్‌స్పెక్టరు గారు దిగివచ్చి టోపీ తీసి చంకలో పెట్టుకున్నారు. "చీటీ మీద సంతకం నాదే ఉంటది. చదవకుంట పెట్టి ఉంట" అన్నారు బోర్డుతో చెబుతున్నట్టు. తర్వాత ఆ మనిషి వైపు తిరిగి, "ఎల్లు మీద మనుషుల్ని ఎక్కించుకున్నది తప్పే. ఇంకోసారి తెలిస్తే బండి గుంజుకుంట. కని బోర్డుకు ఆగుడు తప్పు కాదు. ఆ పాపం మా ఇద్దరిది" అన్నారు. ఆ 'మా ఇద్దరిది' లో నన్ను కలుపుకున్నందుకు నేను ఆయనకు ఇప్పటికీ రుణపడి ఉన్నాను. "ఇప్పుడు చెప్పు. ఏం రాయాలె దీని మీద? నీకు సమజయ్యేటట్టు చెప్పు."

"దాటొద్దు, చెయ్యొద్దు అని ఎందుకు సార్" అన్నాడాయన. "వద్దు అంటే భయమైతది. ఏం చెయ్యాలెనో రాయుండ్రి." జూన్‌లో నా బల్ల ముందు అన్నమాటే మళ్లీ అన్నాడు. "ముందు బండి ఎనకనే పోవాలె."

పెయింటరు రెండు వైపులా నా అక్షరాల మీద తెల్లరంగు కొట్టాడు. 'వంతెనపై' త్వరగానే పోయింది. 'దాటరాదు' కు రెండు పూతలు పట్టింది. ఆరేదాకా అందరం గట్టు మీద కూర్చున్నాం. నేను అన్నానికని తెచ్చుకున్న పులిహోర నలుగురం తిన్నాం. ఆయన తన వంతు తీసుకుని కొంచెం దూరంగా కూర్చున్నాడు. నాతో ఏమీ మాట్లాడలేదు. మాట్లాడాలని నేను ఆశపడ్డానని డైరీలో రాసి, తర్వాత కొట్టేశాను.

పెయింటరు నల్లరంగు తీశాడు. ఈసారి ఎరుపు వద్దన్నాడు. 'ముందు బండి' రాసి, 'ఎ' రాశాడు. నా నోరు దానంతటదే తెరుచుకుంది. ఎనకనే కాదు, వెనుకనే. మధిర బడిలో మా తెలుగు మాస్టారు దీనికి రెండు మార్కులు కోసేవారు.

పెయింటరు కుంచె గాల్లో ఆపి, తల తిప్పి నన్ను చూశాడు.

నేను నోరు మూసుకున్నాను. నా ఉద్యోగ జీవితంలో నేను సరైన సమయంలో చేసిన పని అదొక్కటే.

పరీక్ష ఆ తర్వాత జరిగింది. జామాయిల్ కర్ర లారీ ఒకటి మూలుగుతూ వంతెన ఎక్కింది. ఆయన దాని వెనక జీపు ఎక్కించాడు. వెనకనుంచి వచ్చిన ఇంకో జీపువాడు హారన్ మీద చెయ్యి తీయలేదు. ఆయన పక్కకు జరగలేదు, వేగం పెంచలేదు, తల తిప్పలేదు. లారీకీ తనకూ మధ్య ఒక బండి పట్టేంత ఖాళీ వదిలి, దాని పొగ పీలుస్తూ అవతలికి చేరాడు. ఇన్‌స్పెక్టరు గారు దిగేలోపే కాగితం మీద సంతకం పెట్టారు. ఈసారి చదివి పెట్టారు. తండ్రి పేరు దగ్గర ఆగి నన్ను అడిగారు కూడా.

తర్వాతి వేసవిలో అంగడిలో ఆయన కనిపించాడు. సేటు జీపు పక్కన ఒకామె, వాళ్లక్కే అయి ఉంటుంది, చంటిపిల్లను ఎత్తుకుని నిలబడి ఉంది. ఆయన నన్ను చూపించి "బోర్డు మేడం" అన్నాడు. ఆమె నన్ను కిందినుంచి మీదికి చూసి వాళ్ల భాషలో ఏదో అంది. ఆయన నవ్వు ఆపుకుంటూ "ఏం లేదు మేడం" అన్నాడు. ఆ మాటకు ఏడు అర్థాలు డైరీలో రాసుకున్నాను. ఏడింట్లో ఒక్కటి కూడా నన్ను మెచ్చుకునేది కాదు.

కాంట్రాక్టు ముగిసి ట్రంకుపెట్టెతో వెళ్లిపోయేముందు ఒక పని పెట్టుకున్నాను. బస్సెక్కి వంతెన దాకా వెళ్లాను. వంతెన మీద ఎడ్లబండి ముందు పోతోంది. బస్సు దాని వెనక ఎడ్ల నడకతో పోతోంది. వెనక సీట్లోంచి ఎవరో అరిచారు. "ఏంది డ్రైవరన్నా, పెళ్లి ఊరేగింపా? జల్దీ పోనియ్."

డ్రైవరు వెనక్కి తిరగకుండా వేలు చూపించాడు. "చదువుకోలేదా? ముందు బండి ఎనకనే పోవాలె."

నేను కిటికీలోంచి చూశాను. రెండు వానాకాలాలకు పైపూత పల్చబడింది. నల్ల అక్షరాల వెనక, దగ్గరగా చూస్తే, పలచని ఎరుపులో 'రాదు' అని ఇంకా కనపడుతోంది. నా రాత అంత తేలిగ్గా చెరిగేది కాదు.

గదికి వచ్చి పెయింటరుకు చీటీ రాశాను. బాబాయ్, ఇంకో పూత వెయ్యండి. వానలు రాకముందే. ఆ చీటీలో ఓవర్‌టేక్ అన్న మాట రెండుసార్లు వాడాను, తెలుగు మాటగానే.